నా ఒంటికి మీ మడి అక్కర్లేదు

నాకు కేన్సరొచ్చింది. 2018లో. గర్భసంచి మూతికి. ఇట్టా పచ్చిగా రాస్తే మావోళ్లే కొందరు మొహం పక్కకి తిప్పుకుంటారు. తిప్పుకోనీండి. మా అమ్మ ఈ జబ్బుతోనే పోయిందని నాకిప్పుడు తెలుస్తోంది. ఆమెకి మాత్రం జబ్బు పేరేందో తెలవకుండానే పోయింది. పేరు తెలిసినదాన్ని నేను. తెలిసీ నోరు మూసుకుంటే అమ్మని రెండోసారి పూడ్చిపెట్టినట్టే.

అమ్మ పొగాకు బ్యారన్ల దగ్గర కర్రలకి ఆకు కట్టేది. సీజన్లో కంపెనీకి గ్రేడింగుకి పోయేది. ఎర్రబట్ట అవతా ఉంటే పాతగుడ్డలు మడిచి పెట్టుకుని పనిలోకి పోయింది. ఆరెంపీ డాక్టరు సూదేసి, "ముట్లుడిగే వయసు, ఇట్టాగే ఉంటది" అన్నాడు. ఆర్నెల్లు సూదులేశాడు. వాసనొస్తందని గ్రేడింగులో పక్కన కూచునేవాళ్లు ఒక్కొక్కళ్లే లేచి దూరం జరిగారు. జరిగినోళ్లు కూడా మాల మాదిగ ఆడవాళ్లే. ఊరు మమ్మల్ని జరిపింది, మేము అమ్మని జరిపాం. 1996లో అమ్మ చచ్చిపోయింది.

ఇరవై రెండేళ్ల తర్వాత నాకొచ్చింది. అయిదు వారాల్లో ఇరవై అయిదు సార్లు కరెంటు పెట్టారు. రేడియేషన్ని మేము కరెంటు అనే అంటాం. వారానికొక కీమో సీసా ఎక్కించారు. ఆఖర్లో లోపలి కరెంటు. అన్నీ అయిపోయి ఇంటికి పంపేటప్పుడు నా చేతికొక కాయితం ఇచ్చారు. రంగుల కాయితం. చికిత్స అయ్యాక ఆరోగ్యంగా ఎట్టా బతకాలో అందులో ఉంది. ఆపిల్ పండు బొమ్మ. గ్లాసుడు పాల బొమ్మ. పార్కులో బూట్లేసుకుని నడిచే ఒకావిడ. కళ్లు మూసుకుని పద్మాసనంలో కూచున్న ఇంకొకావిడ. రోజుకి మూడు లీటర్ల నీళ్లు తాగాలి. పళ్లూ కూరగాయలూ బాగా తినాలి. మాంసం మానాలి. పొద్దున్నే నడవాలి. బరువులెత్తకూడదు. మనసు ప్రశాంతంగా ఉంచుకోవాలి. చెడ్డ ఆలోచనలు రానీయకూడదు.

నేను అంగన్‌వాడీ టీచర్ని. ఇట్టాంటి బొమ్మల కాయితాలు గోడకంటించి గర్భిణీలకీ బాలింతలకీ పాఠం చెప్పటం నా ఉద్యోగం. అందుకే చదవంగానే తెలిసిపోయింది, ఇది నాకోసం రాసింది కాదు. ఇందులో ఉన్న ఆవిడకి కూలి లేదు, వాడ లేదు, కులం లేదు. కులం లేని మనిషిగా కనపడేది ఈ దేశంలో ఎవరో మీకు తెలుసు.

నీళ్ల దగ్గరే మొదలెడదాం.

మూడు లీటర్లు తాగమన్న మాట తప్పు కాదు. మాకెక్కించే సిస్ప్లాటిన్ అనే కీమో మందు మూత్రపిండాల మీద దెబ్బకొడతది. నీళ్లు బాగా తాగాలి. కానీ ఏ నీళ్లు? 1985 జులైలో అప్పటి మా ప్రకాశం జిల్లా కారంచేడులో గొడవ మొదలైంది నీళ్ల దగ్గరే గదా. మాదిగపల్లె తాగే చెరువులో భూస్వాముల కుర్రోడు గేదెల కుడితి బక్కెట్లు కడిగితే, ఇదేందని అడిగారు మావోళ్లు. దెబ్బ మీదికొస్తే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. తెల్లారి జులై 17న ఊరు మాదిగపల్లె మీద పడింది. ఆరుగుర్ని చంపారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్ చెరువులో దోసిలి ముంచింది కూడా ఈ నీళ్ల కోసమే. మాకు నీళ్లంటే లీటర్ల లెక్క కాదు, శవాల లెక్క. ఇప్పటికీ మా వాడ కుళాయి ఊరి పైపుకి చిట్టచివరి కుళాయి. ఊరంతా పట్టుకున్నాక మిగిలితే మాకొస్తది. నా మూడు లీటర్లు నేను క్యాను కొనుక్కుని తాగాను. ఆ క్యాను ఖర్చు ఏ డాక్టరూ మందుచీటీలో రాయలేదు.

ఇక తిండి.

ఆసుపత్రిలో ఆహారం గురించి చెప్పే మేడమ్ ఒకామె ఉండేది. ఏం తింటావు అనడిగింది. అన్నం, పచ్చడి, పప్పు, వారానికోసారి పెద్దకూర అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టింది. "అందుకేనమ్మా మీకు ఇలాంటి జబ్బులొచ్చేది" అంది. నన్ను నువ్వు అంటున్న మనిషి ఆ ఒక్క మాటకి 'మీకు' అంది. అది గౌరవానికి కాదు. ఆ 'మీకు'లో మా వాడంతా ఉంది, మా అమ్మ ఉంది, మా తాత ఉన్నాడు.

అప్పుడు నాకు తెలవక తలొంచుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను, వినండి. గర్భసంచి మూతి కేన్సరు పెద్దకూర తింటే రాదు. దానికి కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఆ సంగతి కనిపెట్టినందుకు హరాల్డ్ సుర్ హౌసెన్ అనే జర్మనీ శాస్త్రవేత్తకి 2008లో నోబెల్ ఇచ్చారు. ఎర్ర మాంసం బాగా ఎక్కువగా తింటే పెద్దపేగు కేన్సరు రావచ్చని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సరు విభాగం చెప్పిన మాట నిజమే. ఆ మాట నేను దాచను. కానీ ఎర్ర మాంసమంటే పెద్దకూర ఒక్కటే కాదు, మీ పెళ్లిళ్లలో వొడ్డించే వేటమాంసం కూడా ఎర్ర మాంసమే. మరి పెన్ను కింద పెట్టింది దేనికి? నా కూర పేరు విని. అది వైద్యం కాదు. మడి.

కరెంటు పెట్టించుకున్న నెలన్నరలో తొమ్మిది కిలోలు తగ్గాను. నీళ్ల విరేచనాలు. నోట్లో పుండ్లు. అప్పుడు ఒంటికి కావాల్సింది మాంసకృత్తులు. గుడ్డు, చేప, పప్పు, మాంసం, ఏది అందితే అది, ఏది అరిగితే అది. గర్భిణీలకి నా చేత్తో నేనే గుడ్లు పంచుతాను, ఆ పాఠం నాకు తెలవదా? ఆపిల్ కొనే డబ్బుల్లేని మనిషికి జామకాయ చెప్పరేం? మునగాకు చెప్పరేం? మాకు అందుబాటులో ఉన్న చవకైన బలాన్ని పాపం అని చెప్పి, అందని ఆపిల్ బొమ్మ చేతిలో పెడితే ఏమవుద్ది? మనిషి పస్తుంటది. పస్తుండి, అదే పథ్యమనుకుంటది.

మావోళ్లకి కూడా ఒక మాట చెప్పాలి. ఆ కాయితంలో పొగాకు మానమని రాసింది. అది మాత్రం అక్షరాలా నిజం. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఏదైనా సరే. పొగ తాగే ఆడమనిషి ఒంట్లోంచి ఈ వైరస్ తొందరగా పోదు. ఉత్తరాంధ్రలో మన ముసలమ్మలు అడ్డపొగ తాగుతారు, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. వాళ్లకి అంగిట్లో కేన్సరొస్తది. పొగాకు వేసింది ఆసామి, ఆకు కట్టింది మా అమ్మ, లాభం కంపెనీది, దగ్గు మాది. దీన్ని మన అలవాటని, మన సంస్కృతని ఎనకేసుకు రాకండి. మనల్ని చంపేదేదీ మన సంస్కృతి కాదు.

నడక సంగతి. నడవటం మంచిదే. కేన్సరు నీరసం పడుకుంటే పోదు, నడిస్తేనే కొంత పోద్ది, నిద్ర కూడా పట్టుద్ది. కానీ పొద్దున్నే మెయిన్ రోడ్డు మీద చెప్పులేసుకుని, చెయ్యి ఊపుకుంటా నడిస్తే, అరుగు మీద కూచున్న పెద్దాయన, "ఏందమ్మాయ్, పనీపాటా లేదా, షికారెళ్తన్నావు?" అన్నాడు. మా తాత చెప్పులు చేతబట్టుకుని నడిచిన రోడ్డది. నాలుగు రోజులు మానేశాను. అయిదో రోజు నుంచి మళ్లీ నడిచాను, నాతో పాటు ఇంకో ముగ్గుర్ని తీసుకుని. ఒక్కదాన్ని నడిస్తే షికారు, నలుగురం నడిస్తే ఊరేగింపు. ఆయన మళ్లీ మాట్లాడలేదు.

బరువులెత్తొద్దన్నారు. కాలు వాయకుండా చూసుకోమన్నారు. కరెంటు పెట్టినాక కొందరికి కాళ్లలో నీరు దిగుద్ది. రోజంతా బురదలో వొంగి నాట్లేసే మనిషి కాలు వాయకుండా ఎట్టా చూసుకుంటది? నేను అంగన్‌వాడీలో కుర్చీ మీద కూచునేదాన్ని కాబట్టి బతికిపోయాను. నా పక్క మంచం వదినకి కుర్చీ లేదు.

ఆ వదిన గురించి చెప్పటానికే అసలు ఇదంతా రాస్తున్నాను.

వదినది పల్నాడు వైపు. మాలామె. మొగుడు తాపీ పనికి పోతాడు. ఇద్దరం ఒకే రోజు కరెంటు మొదలెట్టాం, ఒకే వారం ముగించాం. ఇద్దరిదీ ఒకే దశ జబ్బు. ఆమె పచ్చడి నేను తిన్నాను, నా కూర ఆమె తినింది. మాల మాదిగ తేడా ఆ వార్డులో పోయింది. ఊళ్లో పోనిది అక్కడ పోయింది.

మొదటి రెండేళ్లు మూణ్ణెల్లకోసారి రమ్మన్నారు. తర్వాత అయిదేళ్లదాకా ఆర్నెల్లకోసారి. ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువ మందికి మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడతది, అందుకని. వదిన రెండు సార్లు వచ్చింది. మూడోసారి మిరప కోతల టైమొచ్చింది. కోతల్లో ఒకరోజు పోతే కూలి పోద్ది. మొగుడు తోడొస్తే ఆయన కూలీ పోద్ది. బస్సు చార్జీ ఇద్దరికీ కావాలి. రాలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లేకపోతే నేనూ వదినా వైద్యం గడప తొక్కేవాళ్లం కాదు, అది ఒప్పుకోవాలి. కానీ కార్డు కరెంటు గది దాకా వచ్చింది. మిరప చేలోకి రాలేదు.

2019 చివర్లో వదినకి మళ్లీ ఎర్రబట్ట కనపడింది. చెప్పలేదు. మొగుడికి చెప్పలేదు, నాకు ఫోన్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలుసా? ఆమె బంధువుల పెళ్లిలో మాంసం తినిందంట. కాయితంలో మానమన్నారు గదా, నేను తిన్నాను, అందుకే మళ్లీ వచ్చింది అనుకుంది. డాక్టరు తిడతాడని భయపడింది. మాంసం మానేసి, వారానికి మూడు రోజులు ఉపవాసముంది. ఉపవాసముంటే పోద్దనుకుంది. ఏడు నెలలు. మధ్యలో 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి బస్సులాగిపోయినయ్. మళ్లీ ఆసుపత్రికి వచ్చేటప్పటికి నడుం నొప్పి, ఒక కాలు వాపు, మూత్రపిండాలు దెబ్బతిన్నయ్. ఆ ఏడు దసరా చూడకుండానే పోయింది. ఇప్పుడు ఆడవాళ్లకి బస్సు టికెట్టు లేదు, 2025 ఆగస్టు నుంచి. వదినకి అయిదేళ్లు ఆలస్యమైంది.

వదినని చంపింది కేన్సరొక్కటే కాదు. సిగ్గు కూడా చంపింది. ఆ సిగ్గు ఆమెలో పుట్టింది కాదు, రంగుల కాయితంలో చుట్టి ఎవరో ఇచ్చింది.

జబ్బెందుకు తిరగబెడతది? కరెంటుకీ మందుకీ చావని కణం ఎక్కడో ఒకటి మిగిలి ఉంటది. అది పెరుగుద్ది. మొదట పట్టుకున్నప్పుడు ముదిరి ఉంటే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. మరి ముదిరిందాకా మేము ఎందుకు పోలేదు? ముదరకముందే చూసే పరీక్ష మా ఊరికి రాలేదు కాబట్టి. ఇంతే. ఇందులో పెళ్లిభోజనం లేదు, పాపం లేదు, చెడ్డ ఆలోచన లేదు.

పూర్వజన్మలో పాపం చేశావు కాబట్టి మాదిగింట్లో పుట్టావన్నారు. ఇప్పుడు నీ అలవాట్లు బాగాలేవు కాబట్టి జబ్బు తిరగబెట్టిందంటున్నారు. అప్పుడు కర్మ అన్నారు, ఇప్పుడు లైఫ్‌స్టైల్ అంటున్నారు. బతికినోళ్లని గెలిచినోళ్లంటారు, యోధులంటారు. అట్టయితే మా వదిన ఓడిపోయిందా? బాగా పోరాడలేదా? నాకు ఆ యోధురాలి బిరుదొద్దు. నా మందు పనిచేసింది, వదినకి మిగిలిన కణం పెరిగింది. ఆమె తప్పు ఎంతో నా గొప్ప అంతే. ఏమీ లేదు.

మా పాస్టరయ్య కూడా తక్కువ తినలేదు. తిరగబెట్టిందంటే విశ్వాసం తక్కువైనట్టు అన్నాడు. నూనె రాసి ప్రార్థన చేశాడు. ప్రార్థన చెయ్యి అయ్యా, నాకు ధైర్యమే. కానీ పరీక్షకి పోవద్దని మాత్రం చెప్పబాక. గుడిలో వద్దనుకున్న కర్మని చర్చిలో కూచోబెట్టబాక.

ఇక భయం. మనసు ప్రశాంతంగా ఉంచుకోమన్నారు. ఎట్టా ఉంటది? పరీక్ష వారం వచ్చిందంటే నాకు నిద్ర పట్టదు. నడుం పట్టేస్తే ఎముకల్లోకి పోయిందేమో అనిపిస్తది. దగ్గొస్తే ఊపిరితిత్తులనిపిస్తది. 2021లో ఎడమకాలు వాచింది. వదిన కాలు గుర్తొచ్చింది. రెండు రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేనే, ఇన్ని తెలిసిన నేనే చెప్పలేదు! మూడో రోజు మా అమ్మాయి చూసి, "అమా, ఆ కాలేంది?" అంది. తెల్లారి బస్సెక్కాం. స్కానింగులో జబ్బు లేదు. కరెంటు వల్ల నీరు దిగిందన్నారు. కాలుకి కట్టు, రోజూ చేసే కసరత్తు నేర్పారు. ఆ రోజు నుంచి ఒక నోట్‌బుక్ పెట్టాను.

దాంట్లో ఏం రాస్తానో చెప్తాను, ఎవరికైనా పనికొస్తది. కొత్తగా ఏ బాధ వచ్చినా తారీఖు వేస్తాను. రెండు వారాల్లో పోతే కొట్టేస్తాను. పోకపోతే పరీక్ష తారీఖు దాకా ఆగకుండా పోతాను. ఎర్రబట్ట, వాసనొచ్చే తెల్లబట్ట, ఒక కాలు వాపు, తగ్గని నడుం నొప్పి, విరేచనంలో గానీ మూత్రంలో గానీ రక్తం, కారణం లేకుండా బరువు తగ్గటం, ఇవి కనపడితే రెండు వారాలు కూడా ఆగను. డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు ముందే రాసుకుపోతాను. ఆయన "ఏమ్మా, తొందరగా చెప్పు" అంటే నోట్‌బుక్ చూసి చదువుతాను. చదివే ఆడమనిషిని కసురుకోవటం వాళ్లకి కొంచెం కష్టం. బాబాసాహెబ్ చదవమన్నది ఇందుకు కూడా.

భయం నా బలహీనత కాదు. భయపడే కారణమున్నోళ్లు భయపడతారు. భయం ఒంటరిగా ఉంటే సిగ్గవుద్ది. నలుగురిలో పెడితే జాగ్రత్తవుద్ది.

ఇంకో సంగతి ఎవరూ రాయరు. నేను రాస్తాను. కరెంటు పెట్టినాక ఆడమనిషి లోపలి దారి బిగుసుకుపోద్ది, ఎండిపోద్ది. మొగుడితో పడుకోవటం కష్టమవుద్ది. దానికి జెల్లు ఉంది, మెల్లగా వెడల్పు చేసుకునే సాధనం ఉంది, దారి మూసుకుపోకుండా ఉంటేనే డాక్టరు లోపల పరీక్ష చెయ్యగలదు కూడా. ఈ మాట నాకు ఏడాది దాకా ఎవరూ చెప్పలేదు. ఆఖరికి ఒక చిన్న డాక్టరమ్మ చెప్పింది. ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటే, "మీవాళ్లు ఇబ్బంది పడతారేమోనని" అంది. మా ఒళ్లు చేలో, వార్డులో, అందరి ముందూ బట్టలిప్పి చూడటానికి ఇబ్బంది లేదు. చెప్పటానికే వచ్చింది ఇబ్బంది. ఇంకా దారుణం, మొగుళ్లు ఇది అంటుకుంటదని దూరం పెడతారు. కేన్సరు అంటదు. కలిసి తింటే అంటదు, కలిసి పడుకుంటే అంటదు. అంటనిదాన్ని అంటుద్దని వేరే గ్లాసు పెట్టటం మనకి కొత్తా? రెండు గ్లాసుల హోటళ్ల మీద కొట్లాడిన మనం ఇంట్లో రెండో గ్లాసు పెట్టొచ్చా?

"తిరిగినోళ్లకి వస్తది" అనేవాళ్లకి కూడా జవాబుంది. హెచ్‌పీవీ కాపరం చేసే ఆడా మగా దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగులుద్ది. ఎక్కువ మందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోద్ది. పోకుండా ఉండిపోయిన కొద్దిమందికి పది ఇరవై ఏళ్లకి కేన్సరవుద్ది. ఆ పది ఇరవై ఏళ్లలో ఒక్కసారి చూసినా పట్టుకోవచ్చు. వెనిగరు లాంటి మందు అద్ది కంటితో చూసే చవక పరీక్ష ఉంది. మరి చూశారా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నోళ్లు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా మన దేశంలో ఈ జబ్బు కొత్తగా బయటపడుతోంది. ముందే దొరికేదాన్ని ముదిరాక పట్టుకోవటం జబ్బు తప్పా, రాజ్యం తప్పా?

పరీక్షకి మేము గుర్తురాం. ప్రయోగానికి గుర్తొస్తాం. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి, దాదాపు 14 వేల మందికి, హెచ్‌పీవీ టీకా వేశారు. అందులో చాలామంది హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో ఉన్న గిరిజన, దళిత పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకం చాలాచోట్ల వార్డెన్లు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. గొడవై 2010 ఏప్రిల్లో ఆపేశారు. ఆ చావులకి టీకా కారణమై ఉండదని విచారణ సంఘం చెప్పింది. కానీ అడగకుండా మా పిల్లల చేతులు చాపించారనేది నిజం. 2013లో పార్లమెంటు సంఘం కూడా దాన్ని గట్టిగా తప్పుపట్టింది.

అందుకని టీకా వద్దంటానా? అనను. టీకా మంచిది. నా కూతురికి డబ్బులు కూడబెట్టి వేయించాను. చదివి, అడిగి, నా సంతకం నేను పెట్టి వేయించాను. మేము అడిగేది టీకా ఆపమని కాదు. మమ్మల్ని అడిగి వెయ్యమని. మా బిడ్డల ఒంటికి సంతకం మాదని.

ఇప్పుడు ఉద్యమంలో ఉన్న అన్నలకి. కారంచేడు కోసం, చుండూరు కోసం రోడ్డెక్కిన మీకు దండం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికితే దేశమంతా వినపడింది. మా ఆడవాళ్లు నెత్తురు కారి కారి గుడిసెల్లో చచ్చిపోతే అది హత్య కాదా? సొంత విషయమా? ఆడవాళ్ల విషయమా? నేను జబ్బు పడ్డప్పుడు మీటింగులకి పిలవటం మానేశారు. "అక్కకి బాగాలేదు, ఇబ్బంది పెట్టొద్దు" అన్నారు. అన్నా, నన్ను ఇబ్బంది పెట్టింది మీ పిలుపు కాదు, మీరు పిలవకపోవటం.

2023 డిసెంబర్లో అంగన్‌వాడీల సమ్మె. 42 రోజులు టెంటులో కూచున్నాం. కరెంటు పెట్టించుకున్న పేగు నాది, ఎప్పుడు దొడ్డికి పోవాల్సొస్తదో తెలవదు. మొదటి రోజే ఇంటికి పోదామనుకున్నాను. పక్కన కూచున్న ఆమెకి ఎందుకో నోరు జారి చెప్పాను. ఆమె ఇంకొకామెకి చెప్పింది. మధ్యాహ్నానికి టెంటు ఎనక నాలుగు కర్రలు పాతి పాతచీరలు కట్టారు, బక్కెట్టు పెట్టారు. ఎవరూ జాలి పడలేదు. ఎవరూ పథ్యం చెప్పలేదు. సాయంత్రానికి ముగ్గురు నా దగ్గరికొచ్చి, "నాకూ ఎర్రబట్ట అవుతోందక్కా, ఎక్కడ చూపించాలి?" అని చెవిలో అడిగారు. ఆ ముగ్గుర్నీ నేనే తీసుకుపోయాను. ఒకామెకి జబ్బు తొలిదశలో దొరికింది. ఇప్పుడు బాగుంది. వైద్యం తర్వాత ఆరోగ్యంగా జీవించటమంటే నాకు ఆ చీరల దడి. పద్మాసనం కాదు.

బాబాసాహెబ్ షుగరుతో, నరాల నొప్పులతో, కాళ్లు సహకరించకుండా చివరి ఏళ్లు గడిపాడు. ఒంట్లో బాగాలేదని 1956 అక్టోబరు 14న నాగపూర్‌కి పోకుండా ఆగలేదు. డిసెంబరు 6 దాకా పుస్తకం పని వదల్లేదు. ఆయన చావు గురించి ఆలోచించలేదా? ఆలోచించే ఉంటాడు. ఆలోచిస్తూనే పని చేశాడు. చెడ్డ ఆలోచన రాకుండా చూసుకోవటం ఆరోగ్యం కాదు. వచ్చినా పని ఆగకపోవటం ఆరోగ్యం.

నేను అడిగేవి ఇవి. పరీక్షకి పోయిన రోజు కూలి ఇవ్వండి, తోడొచ్చినోళ్లకీ ఇవ్వండి. మండలానికొక చోట ఆడవాళ్లకి ఈ పరీక్ష చెయ్యండి. వాడకి నీళ్లివ్వండి. మా తిండి పేరు విని పెన్ను కింద పెట్టొద్దు. జబ్బు తిరగబెడితే నిజం చెప్పండి, ఇంకా చెయ్యగలిగిన వైద్యముంటే చెయ్యండి, లేకపోతే నొప్పన్నా తీసెయ్యండి. మార్ఫిన్ దొరకటం సులువు చెయ్యాలని 2014లో చట్టం మార్చారు గదా, ఆ మాత్ర మా మండలం ఆసుపత్రికి రావాలి. నొప్పి లేకుండా చావటం కూడా హక్కే. మా అమ్మకి అది దక్కలేదు.

వచ్చే నెల నా పరీక్ష. ఏడేళ్లు దాటింది. ఈసారి ఏం చెప్తారో తెలవదు. మంచిమాట చెప్తే వచ్చి సెంటర్లో గుడ్లు పంచుతాను. తిరగబెట్టిందంటే ఆ మాట కూడా అందరికీ చెప్తాను, తలెత్తుకునే చెప్తాను. ఎందుకంటే అది నా తప్పు కాదు. వదినది తప్పు కాదు. అమ్మది తప్పు కాదు.

ఆ రంగుల కాయితం ఇంకా నా దగ్గరే ఉంది. నోట్‌బుక్‌కి అట్టేశాను. లోపల రాత మాత్రం నాది.